కుడికి తిరగని కారు కేసు

"బావా! ఈ ప్రపంచంలో మేధావులు రెండే రకాలు. చచ్చిపోయినవాళ్లూ, నేనూ!"

ఈ ప్రకటన షెడ్డు గుమ్మంలో జరిగింది. చేసినవాడు మేస్త్రీ బావమరిది. విన్నవి మేస్త్రీ కాళ్లు. ఎందుకంటే మిగతా మేస్త్రీ అంతా ఒక కారు కింద ఉన్నాడు.

బావమరిదికి ముప్పై నాలుగేళ్లు. వీధి వీధంతా అతన్ని భూతద్దం అని పిలుస్తుంది. జేబులో ఆ వస్తువు లేకుండా స్నానానికి కూడా వెళ్లడని ప్రతీతి. షెడ్డు బోర్డు కిందే అతనిదీ ఒక అట్టముక్క వేలాడుతూ ఉంటుంది: "అంతర్జాతీయ అపరాధ పరిశోధకుడు. కేసులు ఇంటివద్దనే చూడబడును." ఇప్పటిదాకా వచ్చిన పెద్ద కేసు ఒక్కటే. ఎదురింటివాళ్ల పిల్లి రోజూ మధ్యాహ్నం ఎటు పోతోందో తేల్చాలి. రెండు వారాలు వెంటాడాడు. మూడో వారం నుంచి పిల్లే అతని వెంట పడుతోంది.

మేస్త్రీకి ఆ ఉదయం పిల్లుల గురించి గాని, మేధావుల గురించి గాని వినే ఓపిక లేదు. నర్సమ్మ కారు పని నెత్తిమీద ఉంది. అక్షరాలా నెత్తిమీదే ఉంది, జాకీల మీద నిలబడి.

నర్సమ్మ అంటే ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో సగం మందికి బొడ్డు కోసిన మనిషి. అరవై ఎనిమిదేళ్లొచ్చినా, ఎవరికి నొప్పులన్నా ఆ పాత కారు వేసుకుని ఉరుకుతుంది. ఆ కారు స్టీరింగ్ కొన్నాళ్లుగా మొండికేసింది. చక్రం ఇటు తిప్పితే కారు కాసేపు ఆలోచించుకుని, మనసైతే అటు పోయేది. రవాణా ఆఫీసులో ఫిట్‌నెస్ పరీక్ష రెండుసార్లు తప్పింది. ఈరోజు నాలుగింటికి మూడోది. "ఇదీ తప్పితే తుక్కు కింద రాసేస్తామమ్మా," అని ఇన్‌స్పెక్టర్ ముందే చెప్పేశాడు.

"కారు పోతే నేను ఇంట్లో కూర్చోవాలి అబ్బాయ్," అని నర్సమ్మ మేస్త్రీతో అన్నది. "నాకు కూర్చోవడం రాదు."

ఆ ఒక్క మాటకి మేస్త్రీ మూడు రోజులుగా నిద్రాహారాలు సరిగ్గా లేకుండా పనిచేస్తున్నాడు. అరిగిపోయింది స్టీరింగ్ ర్యాక్. డ్రైవరు చేతిలో చక్రం తిరుగుతుంటే పళ్లతో పట్టుకుని, అటూ ఇటూ జరుగుతూ, ముందు టైర్లని మళ్లించే కడ్డీ అన్నమాట. ఆ మోడల్ కారుని కంపెనీ ఎప్పుడో మరిచిపోయింది. విడిభాగాలు ఎక్కడా లేవు. మేస్త్రీ తుక్కు కొట్లన్నీ గాలించి, పూర్తిగా వేరే రకం కారుది ఒకటి పట్టుకొచ్చాడు.

దాన్ని చూసి ఎదురు షెడ్డాయన నలుగురి ముందూ పగలబడి నవ్వాడు. "బోడిగుండుకీ మోకాలికీ ముడేస్తున్నావా మేస్త్రీ? అది దీనికి అతికితే నా షెడ్డుకి నీ పేరు పెట్టుకుంటా!"

మేస్త్రీ రంపం అందుకున్నాడు. ర్యాక్‌ని పట్టి ఉంచే కొత్త ఇనప పట్టీలు కోసి అతికించాడు. ర్యాక్‌ని టైర్లకి కలిపే టై రాడ్లు పొడుగైతే తెగ్గొట్టి మరలు వేయించాడు. రబ్బరు తొడుగులు వెతికి తెచ్చాడు. చివరికి ర్యాక్ దాని చోట్లో కూర్చుంది. ఇక మిగిలింది లెక్క. ఈ ర్యాక్ ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగు చుట్లు తిరుగుతుంది. కుడి చివరికంటా తిప్పి, అక్కణ్నుంచి సరిగ్గా రెండు చుట్లు వెనక్కి తెస్తే నడిమధ్య. అప్పుడు స్టీరింగ్ కడ్డీకి తగిలించి బోల్టు బిగించాలి. ముప్పై ఏళ్లలో మేస్త్రీ ఈ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. అది అతని గర్వం. పెద్ద గర్వాలు అతనికి లేవు, ఉన్నదల్లా ఇదొక్కటే.

కుడి చివరికి తిప్పాడు. ఊపిరి బిగబట్టి వెనక్కి మొదలెట్టాడు.

"డిటెక్టివ్‌కి మూడు లక్షణాలుండాలి బావా," అన్నది గుమ్మంలోని గొంతు. "ఒకటి, వాసన పట్టే ముక్కు..."

"ఒకటి," అనుకున్నాడు మేస్త్రీ. నిజంగానే ఒక చుట్టు పూర్తయింది.

"రెండు! గోడ అవతలి గుట్టుని కూడా లాగే చూపు..."

"రెండు," అనుకున్నాడు మేస్త్రీ, చేతులు కదలకుండానే. బోల్టు బిగించేశాడు.

పాఠకులు గమనించాలి. ఇక్కడే కొంప మునిగింది. రెండో చుట్టు మేస్త్రీ చెయ్యి తిప్పలేదు, బావమరిది నోరు తిప్పింది. ఈ సంగతి ఆ క్షణంలో లోకంలో ఎవరికీ తెలియదు, లోకంలోకెల్లా గొప్ప డిటెక్టివ్ మూడు గజాల దూరంలో నిలబడి ఉన్నా సరే.

టైర్లని తిన్నగా సర్ది, కారుని కిందకి దించి, మేస్త్రీ చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. పూర్తిగా అటూ ఇటూ తిప్పి చూడటం ఒక్కటే మిగిలింది. సబ్బు నురగ చేతికుండగానే నర్సమ్మ ఊడిపడింది.

"అయిందా అబ్బాయ్?"

"అయిందమ్మా, కానీ చివరిదాకా తిప్పి చూ..."

"దారిలో తిప్పుకుంటాలే. కాగితాలు ఇంటిదగ్గరే మర్చిపోయా. పది నిమిషాల్లో వస్తా!"

"అమ్మా, ఒక్క నిమిషం! ఇంజన్ మాత్రం ఆపకండి, సెల్ఫ్ పట్టట్లేదు, తొయ్యాల్సొస్తుంది..."

ముప్పై ఏళ్లుగా పుట్టబోయే పిల్లలతో పందెం వేసి పరిగెత్తిన మనిషికి ఒక్క నిమిషం అనేది అర్థం కాదు. మేస్త్రీ మాట పూర్తయ్యేసరికి కారు వీధి చివర ఎడమకి తిరిగి మాయమైంది. ఎంత మెత్తగా తిరిగిందో! మేస్త్రీ మొహం చాటంత అయింది. ఎదురు షెడ్డు వైపు ఓసారి చూసి, గట్టిగానే దగ్గాడు.

పది నిమిషాలు గడిచాయి. అరగంట గడిచింది. గంట దాటింది. చాటంత మొహం చింతాకంత అయ్యాక మేస్త్రీ చెప్పులేసుకుని వెతకడానికి బయల్దేరాడు.

గడియారాల కొట్టు దగ్గర మలుపులో, టీ బండి పక్కన, ఒక న్యూస్‌పేపరు కూర్చుని ఉంది. దానికి రెండు కన్నాలున్నాయి. కన్నాల్లో రెండు కళ్లున్నాయి.

"ఏంట్రా ఇది?" అన్నాడు మేస్త్రీ.

"ష్! నన్ను గుర్తుపట్టకు బావా. నేను మారువేషంలో ఉన్నా."

"నీ చొక్కా మీద మీ అక్క కుట్టిన జేబు కనిపిస్తోందిరా. నర్సమ్మని చూశావా?"

పేపరు వణికింది. "కూర్చో బావా. గుండె దిటవు చేసుకో. నువ్వు ఎవరిని దేవతనుకున్నావో, ఆవిడ ఈ గడియారాల కొట్టుని దోచుకోబోతోంది."

"ఏం కూశావ్?"

భూతద్దం నోటుబుక్కు తీసి, గొంతు తగ్గించి చదివాడు. "పన్నెండూ పది. అనుమానితురాలు కొట్టు ముందు నుంచి మొదటిసారి వెళ్లింది. పన్నెండూ పదహారు. రెండోసారి. నన్ను చూసి చెయ్యి ఊపింది. రహస్య సంకేతం. పన్నెండూ ఇరవై రెండు. మూడోసారి. 'ఒరేయ్ నాయనా, మీ బావని పిలవరా' అని అరిచింది." చదవడం ఆపి, మేస్త్రీ వైపు జాలిగా చూశాడు. "అంటే ముఠాలో నువ్వు కూడా ఉన్నావు బావా. చుట్టరికం చుట్టరికమే, చట్టం చట్టమే. నిన్ను అనుమానించక తప్పదు."

"పిలవమని అరిస్తే పిలవక, రాసుకుంటావా?"

"నిఘాలో ఉన్న డిటెక్టివ్ లేచి వెళ్లకూడదు. అది మొదటి సూత్రం. నాలుగోసారి ఏడుస్తూ వెళ్లింది. పశ్చాత్తాపం అయి ఉంటుంది."

మేస్త్రీ నోరు తెరిచేలోగా హారన్ల మోత వినిపించింది. ఎడమ పక్క సందులోంచి నర్సమ్మ కారు వచ్చింది. వెనక ఏడు బళ్లు గోల చేస్తున్నాయి. నర్సమ్మ జుట్టు ముడి వీడి, చెమటతో తడిసి ముద్దయి ఉంది. మేస్త్రీ కారు పక్కనే పరుగందుకున్నాడు.

"ఏమైందమ్మా?"

"కుడికి తిరగట్లేదబ్బాయ్! ఎడమకే పోతోంది! మీ షెడ్డుకి రావాలంటే ఇక్కడ కుడికి మళ్లాలి, మళ్లబోతే చక్రం టక్కున ఆగిపోతోంది. అవతలి దారి వన్‌వే. ఆపి దిగుదామంటే ఇంజన్ ఆపొద్దన్నావు. ఎనిమిది చుట్లు తిరిగా! మీ బామ్మర్దికి ప్రతిసారీ చెబుతూనే ఉన్నా, పేపరు చదువుకుంటున్నాడు!"

మేస్త్రీ ఆవిణ్ని పక్క సీట్లోకి జరగమన్నాడు. తలుపు తీసుకుని లోపలికి దూరి, తనే చక్రం అందుకున్నాడు. ఎడమకి రెండు చుట్లు హాయిగా తిరిగింది. కుడికి ఒకే ఒక్క చుట్టు, ఆ తర్వాత రాయి. ముందుకీ వెనక్కీ అయిదారుసార్లు ఆడించి, ఎలాగో మలుపు తిప్పాడు. అంతసేపూ భూతద్దం రోడ్డు మధ్యన నిలబడి, "ఎవరూ కదలొద్దు! ఇది నేరస్థలం!" అని అరుస్తూ కదలాల్సిన బళ్లని కూడా ఆపేశాడు.

షెడ్డు చేరేసరికి ఒంటిగంట దాటింది.

మేస్త్రీ కారు కింద దూరి, కొత్తగా అతికించిన పట్టీలకి ఏదన్నా తగులుతోందేమో వెతికాడు. ఏదీ తగలడం లేదు. తొడుగులు నొక్కి చూశాడు. టై రాడ్లు చూశాడు. ఎడమకి రెండు, కుడికి ఒకటి. మొత్తం మూడు. ఉండాల్సింది నాలుగు. ఎడమ వైపు టైరు ఆగేది ఎప్పటిలా ఈ కారు చక్రం బొడ్డు, అదే హబ్బు, అడ్డుపడటం వల్లే కాబట్టి అక్కడ అనుమానం లేదు. ఆ నాలుగో చుట్టు ఎక్కడికి పోయింది? లోపల పళ్లు విరిగాయా? కడ్డీ వంగిందా? అదే అయితే ఇంకో ర్యాక్ దొరికేదెప్పుడు, బిగించేదెప్పుడు?

రెండింటికి అతను బయటికి వచ్చి, గ్రీజు చేతులతో స్టూలు మీద కూలబడ్డాడు. ఎదురు షెడ్డాయన తలుపుకి ఆనుకుని చూస్తున్నాడు. ఈసారి నవ్వడం లేదు, జాలిపడుతున్నాడు. నవ్వే నయం అనిపించింది మేస్త్రీకి.

"అమ్మా," అన్నాడు నర్సమ్మతో, తల ఎత్తకుండా. "ఇది నావల్ల అయ్యేట్టు లేదు. వేరే కారు ముక్క దీనికి పెట్టడం నాదే తప్పేమో. నలుగురూ ముందే చెప్పారు."

నర్సమ్మ లేచి వచ్చింది. కారు బానెట్ మీద చెయ్యి వేసి, జ్వరం చూస్తున్నట్టు అలాగే ఉంచింది. మేస్త్రీకి ఏడుపొచ్చినంత పనైంది.

"నిరాశ వద్దు!" అని పిడుగులాంటి కేక వినిపించింది. భూతద్దం బల్ల ఎక్కి నిలబడ్డాడు. "ఇది ప్రమాదం కాదు, పన్నాగం! పొద్దున బాగున్న స్టీరింగ్ మధ్యాహ్నానికి ఎలా పాడవుతుంది? బావ చేతులు కడుక్కుంటున్న ఆ మూడు నిమిషాల్లో ఒక హంతకుడు ఈ షెడ్డులోకి ప్రవేశించాడు! వాడు..." వేలు రోడ్డు దాటి చూపించింది. "...మనకి ఎదురుగానే ఉన్నాడు!"

"నోర్ముయ్ రా!" అని రోడ్డవతలి నుంచి వినిపించింది.

"చూశారా? భయపడుతున్నాడు! బావా, నేర పునర్నిర్మాణం చేద్దాం. పొద్దున జరిగింది జరిగినట్టు మళ్లీ చేసి చూపిస్తే, హంతకుడు ఎప్పుడు దూరాడో బయటపడుతుంది. నువ్వు కారు కింద పడుకో. నర్సమ్మగారూ, మీరు హంతకుడు."

"నేను నర్సునిరా."

"తాత్కాలికంగా."

మేస్త్రీకి తిట్టే ఓపిక కూడా అయిపోయింది. పడుకుంటే కనీసం ఎదురు షెడ్డాయన మొహం కనబడదు. వెళ్లి కారు కింద పడుకున్నాడు. పొద్దున పట్టుకున్న చోటే చేతులు పెట్టాడు, ఊరికే.

భూతద్దం గుమ్మంలో నిలబడి, పొద్దున్నట్టే ఛాతీ విరిచాడు. అతనికి ఏ ప్రతిభా లేకపోవచ్చు గాని, తను చెప్పిన మాటలు మాత్రం పొల్లు పోకుండా గుర్తుంటాయి. "డిటెక్టివ్‌కి మూడు లక్షణాలుండాలి బావా. ఒకటి, వాసన పట్టే ముక్కు..."

మేస్త్రీ చెయ్యి దానంతట అదే గాలిలో ఒక చుట్టు తిప్పింది.

"రెండు! గోడ అవతలి గుట్టుని..."

మేస్త్రీ చెయ్యి ఆగింది. కళ్లు పెద్దవయ్యాయి. పైనున్న కడ్డీ వైపు చూశాడు, చేతి వైపు చూశాడు.

"ఆగు! ఏమన్నావురా ఇప్పుడు?"

"గోడ అవతలి గుట్టు."

"దాని ముందు!"

"రెండు."

కారు కింద నుంచి ఒక కేక వచ్చింది, ఆ వెంటనే మేస్త్రీ తల కారుకి తగిలిన చప్పుడు, ఆ వెంటనే మేస్త్రీ. "నువ్వు చెప్పిన రెండురా అది! నేను తిప్పింది ఒకటే! ర్యాక్ బంగారంలా ఉంది! నడిమధ్యకి రావాలంటే ఇంకొక్క చుట్టు, అంతే! అమ్మా, తప్పు ర్యాక్‌ది కాదు, నాది. నా లెక్క తప్పింది!"

"ఎంతసేపు పడుతుంది?" అన్నది నర్సమ్మ.

"గంట!"

"మరి మాట్లాడతావేం?"

భూతద్దం మాత్రం బల్ల మీదే కూలబడ్డాడు. అతని మెదడు నెమ్మదిగానే అయినా చేరాల్సిన చోటికి చేరింది. "అంటే... ఆ హంతకుడు..." అన్నాడు నీరసంగా. "నేనేనా బావా?"

మేస్త్రీకి అప్పటికే పానా చేతిలో ఉంది. ఇంకో రోజైతే దాన్ని విసిరేవాడు. ఇవాళ ఎందుకో ఆ మొహం చూస్తే చెయ్యి రాలేదు. "ఇటు రా. నా లెక్క మీద నాకే నమ్మకం పోయింది. ఈసారి నువ్వు లెక్కపెట్టు. కడ్డీ మీద సుద్దతో గీత గీశా. గీత తిరిగి అదే చోటికొస్తే ఒకటి. ఇంకో ముక్క మాట్లాడావంటే మీ అక్కకి చెబుతా."

జేబులోని భూతద్దం మొట్టమొదటిసారి ఒక నిజమైన పనికొచ్చింది. దాన్ని సుద్దగీత మీద పెట్టి, ఊపిరి కూడా ఆపి, అతను కుడి చివరి నుంచి లెక్కపెట్టాడు. ఒకటి. చాలాసేపటికి, రెండు. ముక్కు గురించి గాని, చూపు గురించి గాని ఒక్క మాట లేదు. మేస్త్రీ బోల్టు బిగించాడు, టై రాడ్లు మళ్లీ సర్దాడు, దారం పట్టి టైర్లు తిన్నగా ఉన్నాయో లేదో చూశాడు. ఈసారి నర్సమ్మ తాళం అడగలేదు. ఎడమకి రెండు, కుడికి రెండు తిరగడం కళ్లారా చూశాకే కారెక్కింది.

నాలుగింటికి అయిదు నిమిషాలుండగా ముగ్గురూ రవాణా ఆఫీసు ఆవరణలో దిగారు. ఇన్‌స్పెక్టర్ సన్నగా, పొడుగ్గా, చేతిలో టార్చితో ఉన్నాడు. కారు కిందకి వంగి చూసి, "ఇది ఈ కారు ర్యాక్ కాదే!" అన్నాడు.

"కాదండీ," అన్నాడు మేస్త్రీ. "దీనిది దొరకదు. వేరే కారుది తెచ్చి పట్టీలు మార్చి బిగించా. అతుకులన్నీ చూసుకోండి."

ఇన్‌స్పెక్టర్ అతుకులు చూశాడు, సుత్తితో కొట్టి చూశాడు, ఊపి చూశాడు. తల ఆడించాడు. కలం తీశాడు. అంతా సవ్యంగా జరిగిపోతుందనగా భూతద్దం ముందుకొచ్చి రెండు చేతులూ చాచాడు.

"అయ్యా! చట్టం ముందు దాచలేను. బేడీలు వెయ్యండి. ఈ కారు ఇవాళ మధ్యాహ్నం కుడికి తిరగలేదు. దానికి కారకుణ్ని నేనే!"

మేస్త్రీకి పైప్రాణాలు పైనే పోయాయి. ఇన్‌స్పెక్టర్ కలం మూసేశాడు. "కుడికి తిరగలేదా? అయితే నేనే తిప్పి చూడాలి. జాకీ పెట్టి ఎత్తండి."

అతను డ్రైవరు సీట్లో కూర్చుని ఎడమకి తిప్పాడు. "ఒకటి. రెండు." ఆగింది. మళ్లీ మధ్యకి తెచ్చి కుడికి మొదలెట్టాడు. భూతద్దం రెండు చేతులతో తన నోరు తనే మూసుకున్నాడు. నర్సమ్మ మేస్త్రీ మోచెయ్యి పట్టుకుంది, పురిటి మంచం మీద ఆడవాళ్లు తన చెయ్యి పట్టుకున్నంత గట్టిగా. "ఒకటి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అక్కడ ఆగి, తాపీగా జేబులోంచి రుమాలు తీసి, ముక్కు చీది, మడతపెట్టి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు తిప్పాడు. "రెండు."

ఆ తర్వాత నర్సమ్మ ఆవరణలో పెట్టిన దిమ్మెల మధ్య నుంచి కారుని అటూ ఇటూ మెలికలు తిప్పి, ఒక్కదాన్నీ తాకకుండా తెచ్చి నిలబెట్టింది. కాగితం మీద ముద్ర పడింది. ఇంకో రెండేళ్లు తిరగొచ్చని.

"కొత్త బళ్లే ఇంత సమంగా తిరగట్లేదయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మేస్త్రీతో. "పరాయి ర్యాక్‌ని సరిగ్గా నడిమధ్యన ఎవరు కూర్చోబెట్టారు?"

మేస్త్రీ ఒక్క క్షణం ఆలోచించాడు. పొద్దుటి గర్వం గుర్తొచ్చింది, బల్ల మీద కూలబడ్డ మొహం గుర్తొచ్చింది.

"బిగించింది నేనండీ," అన్నాడు. "లెక్కపెట్టింది మా బావమరిది."

తిరుగు దారిలో నర్సమ్మకి మొదటిసారి తొందర లేదు. కుడివైపు ఏ సందు కనిపించినా అందులోకి తిప్పుతోంది, పని లేకపోయినా, ముసిముసిగా నవ్వుకుంటూ. వెనక సీట్లో భూతద్దం ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. ఆ నోరు ఒక్క రోజు మూతపడితే చాలని ఎన్నో ఏళ్లుగా కోరుకున్న మేస్త్రీకి ఇప్పుడు కంగారు పుట్టింది.

"ఏరా, ఒంట్లో బాగానే ఉందా? ఏదో ఒకటి మాట్లాడరా."

"లెక్కపెడుతున్నా బావా, కదిలించకు."

"దేన్ని?"

"నర్సమ్మగారు కుడికి ఎన్నిసార్లు తిప్పారో."

"ఎన్నయింది?"

"ఆరు," అన్నాడు బావమరిది, అంతులేని గర్వంతో.

నిజానికి ఏడు. మేస్త్రీ, "సరిగ్గా చెప్పావురా," అన్నాడు.